రీఫ్ ట్యాంకు సందేహాలు: ఆదివారం డోసు, మే నెల సున్నం, లేని మెగ్నీషియం లోటు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పగడాల ట్యాంకులో కేహెచ్ (నీటి క్షారత), కాల్షియం తగ్గకుండా పోసే మందుల గురించే. ఎంత పోయాలో అందరూ అడిగారు. ఎన్ని విడతల్లో పోయాలో మాత్రం ఎవరూ అడగలేదు. చాలా ట్యాంకుల్లో గొడవంతా అక్కడే.

ప్రశ్న (హనుమకొండ నుంచి): నాది మూడడుగుల ట్యాంకు, కింద సంపు (పంపు ఉండే రెండో తొట్టి). రాళ్లు, ఇసుక పోను నీళ్లు 200 లీటర్లు. లీటరు నీటిలో 84 గ్రాముల తినే సోడా, వేరే లీటరులో 73.5 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కలిపి పెట్టుకున్నాను. ఆదివారం ఆదివారం ఒక్కొక్కటి 200 మి.లీ. పోస్తున్నాను. శనివారానికి కేహెచ్ 7.2కి దిగుతోంది, ఆదివారం సాయంత్రం 10 చూపిస్తోంది. అక్రోపోరా (కొమ్మల్లా పెరిగే గట్టి పగడం) కొనలు తెల్లబడ్డాయి. ద్రావణం కలపడంలో తప్పు చేస్తున్నానా?

జవాబు: ద్రావణంలో తప్పు లేదు. వారం మొత్తానికి మీరు పోసే కొలతలో కూడా తప్పు లేదు. మీ ట్యాంకు రోజుకు 0.4 డీకేహెచ్ (కేహెచ్ కొలిచే డిగ్రీ) తింటోంది, అంటే వారానికి 2.8. మీ సోడా నీళ్లు 200 మి.లీ. పోస్తే 200 లీటర్లలో పెరిగేదీ సరిగ్గా 2.8. జమాఖర్చు సరిపోయింది కానీ వారం తిండి ఒకే పూట వడ్డిస్తున్నారు. కేహెచ్ 8 అయినా 9 అయినా పగడం సర్దుకుంటుంది. ఆదివారానికి ఒకటి, శనివారానికి ఒకటి అంటేనే దానికి కష్టం. రోజుకు 1 డీకేహెచ్‌కు మించి పెరగనివ్వకండి. నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు సున్నా ఉన్న ట్యాంకులో కేహెచ్ పైకి ఎగిరితే మొదట కాలేవి అక్రోపోరా కొనలే.

ఇలా మార్చండి. 200ను 7తో భాగిస్తే రోజుకు దాదాపు 29 మి.లీ. చేత్తో పోసేవాళ్లయితే పొద్దున సగం, రాత్రి సగం. 8 దగ్గర నిలపాలనుకుంటే శనివారం 7.2 ఉన్నప్పుడు మొదలుపెట్టి, నాలుగు రోజులు సోడా ద్రావణం మాత్రం 43 మి.లీ. చొప్పున పోయండి. అందులో 29 రోజువారీ తిండి, మిగతా 14 పాత లోటు. కాల్షియం ద్రావణం 29 దగ్గరే ఉంచండి. అయిదో రోజు నుంచి రెండూ 29. రెండింటి మధ్య కనీసం అరగంట ఎడం ఉండాలి. పోసేది సంపులో, నీళ్లను ట్యాంకుకు తిరిగి పంపే రిటర్న్ పంపు లాగే చోట, నీళ్లు జోరుగా కదిలే చోట. ఒకదాని వెంట ఒకటి ఒకే మూల పోస్తే అక్కడికక్కడే కలిసి తెల్లటి మసక వస్తుంది. అది సున్నపురాయి పొడి, పగడానికి అందకుండానే ఇసుకలోకి పోతుంది.

ట్యాంకు ఎంత తింటుందో తెలియనివాళ్లు మూడు రోజులు ఏమీ పోయకుండా, రోజూ ఒకే వేళకు, వీలైతే పొద్దున లైట్లు వేయకముందు, కేహెచ్ చూడండి. మొదటి రోజు అంకెలోంచి చివరి రోజు అంకె తీసేసి, మధ్యలో గడిచిన రోజులతో భాగించాలి. 100 లీటర్ల నీటిలో 1 డీకేహెచ్ పెరగడానికి 3 గ్రాముల తినే సోడా, అంటే ఈ ద్రావణం 36 మి.లీ. కావాలి. కాల్షియం కిట్‌తో ఈ లెక్క కట్టాలని చూడకండి. మీ ట్యాంకు రోజుకు తినే కాల్షియం 3 పీపీఎం (లీటరుకు దాదాపు 3 మిల్లీగ్రాములు) కూడా లేదు. ఇంటి కిట్ 10, 20 పీపీఎం అటూ ఇటూ చెప్పడం మామూలే. కేహెచ్ పట్టుకుని నడవండి, కాల్షియం ద్రావణం అంతే కొలత పోయండి, కాల్షియం పది రోజులకోసారి చూస్తే చాలు. 400 నుంచి 450 మధ్య ఉంటే దాని జోలికి పోనక్కర్లేదు.

సరుకు గురించి కొంచెం. తినే సోడా అంటే సోడియం బైకార్బొనేట్ ఒక్కటే. బేకింగ్ పౌడర్ కాదు, అందులో పిండి, ఆమ్లం కలిసి ఉంటాయి. బట్టల సోడా అసలే వద్దు. కాల్షియం క్లోరైడ్ డబ్బా మీద డైహైడ్రేట్ అని ఉంటే 73.5 గ్రాములు, అన్‌హైడ్రస్ అని ఉంటే 55.5. ఈ తేడా చూడక కొలత చెడగొట్టుకున్నవాళ్లు ఎక్కువ. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టకపోతే ఇది చెమ్మ పట్టి ముద్దవుతుంది, అప్పుడు తూకానికి అర్థం ఉండదు. కరిగేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి నీళ్లలోకి పొడి వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు. సోడా విషయంలో చలికాలపు చిక్కు ఒకటుంది. ఆదిలాబాద్ వైపు డిసెంబరు పొద్దున కిటికీ పక్కన పెట్టిన సీసా అడుగున గింజలు కనిపిస్తాయి. 10 డిగ్రీల దగ్గర లీటరుకు 84 గ్రాములు మొత్తం కరగవు. పైన తేటలో బలం తగ్గుతుంది. సీసాను గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టి ఊపండి. మరిగించకండి, బైకార్బొనేట్ విడిపోతుంది.

ఇక నీళ్లు. వంటింటి ఆర్‌ఓలో రుచి కోసం కొంత పచ్చినీరు తిరిగి కలిపే స్క్రూ ఉంటుంది. మన బోరు నీళ్లతో అది 80, 100 టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) చూపించినా ఆశ్చర్యం లేదు. వాటర్ ప్లాంటు క్యాను సంగతీ అంతే. ద్రావణానికైనా, ఆవిరైన నీళ్లు నింపడానికైనా డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) దాటి మీటరు మీద 0 చూపించే నీళ్లే వాడాలి.

ప్రశ్న (గోదావరిఖని నుంచి): 150 లీటర్ల నీళ్లు. ఆవిరైన నీటి బదులు ఆటో టాప్‌ఆఫ్‌తో (మట్టం తగ్గగానే తనంతట నీళ్లు నింపే పరికరం) సున్నపు తేట నింపుతున్నాను. చలికాలమంతా కేహెచ్ 8 దగ్గర కదల్లేదు. మే వచ్చేసరికి 11 దాటింది, హీటరు, పంపు మీద రాయిలా గట్టిపడింది. నేనేమీ మార్చలేదు. కిళ్లీ సున్నం వాడొచ్చా అని కూడా మిత్రుడు అడుగుతున్నాడు.

జవాబు: మీరు మార్చలేదు, ఎండ మార్చింది. సున్నపు తేట టాప్‌ఆఫ్‌లో పెడితే డోసు మీ చేతిలో ఉండదు, ఆవిరి చేతిలోకి పోతుంది. నిండుగా కరిగిన తేటలో లీటరుకు దాదాపు 1.5 గ్రాములకు పైగా సున్నం ఉంటుంది, క్షారత లీటరుకు 40 మిల్లీ ఈక్వివలెంట్ల పైచిలుకు (లీటరుకు ఒక మిల్లీ ఈక్వివలెంట్ అంటే 2.8 డీకేహెచ్). చలికాలంలో మీ ట్యాంకు రోజుకు లీటరున్నర తాగిందనుకోండి, రోజుకు 1.1 డీకేహెచ్ చేరుతుంది. మేలో ట్యాంకు చల్లబడాలని ఫ్యాను పెడితే రోజుకు 4 లీటర్లు పోవడం మామూలు. అప్పుడు చేరేది 3 డీకేహెచ్. పగడాలు అంత తినలేవు. మిగిలింది, వేడి ఎక్కువ ఉండే హీటరు మీద, పంపు మీద సున్నపురాయిగా పేరుకుంటుంది.

దారులు రెండు. ఒకటి, రోజుకు కావలసిన సున్నాన్ని గ్రాముల్లో కట్టుకోవడం. మీకు కావలసింది దాదాపు 2.3 గ్రాములు. చలికాలంలో దాన్ని లీటరున్నరలో, మేలో నాలుగు లీటర్లలో కలపండి. ఎండ ముదిరేకొద్దీ తేట పలచబడాలన్నమాట. వారం వారం ఆవిరి కొలిచి మార్చుకోవాలి. రెండోది, మేము చెప్పేది: టాప్‌ఆఫ్‌లో ఒట్టి డీఐ నీళ్లే పెట్టి, సున్నపు తేటను వేరే డోసింగ్ పంపుతో రాత్రిపూట చుక్కచుక్కగా పంపడం. పీహెచ్ బాగా దిగేది రాత్రే, సున్నం దాన్ని పైకి లేపుతుంది. ఏసీ వేసి తలుపులు బిగించిన గదిలో ఈ లాభం ఇంకా ఎక్కువ. పీహెచ్ 8.5 దాటితే మాత్రం ఆపేయండి.

టాప్‌ఆఫ్ బకెట్ ఎప్పుడూ రెండు రోజులకు సరిపడా మించి పెద్దది వద్దు. నీటి మట్టం చూసే ఫ్లోట్ ఇరుక్కుంటే 20 లీటర్ల సున్నపు తేట ఒక్క రాత్రిలో దిగిపోతుంది. అడుగున కూర్చున్న ముద్ద కదపకూడదు, పంపు గొట్టం దానికి నాలుగు అంగుళాల పైన ఉండాలి. పైన మీగడలా కట్టే పొర గాలితో కలిసి ఏర్పడిన కార్బొనేట్, దాన్ని లోపలికి కలపకండి. తేట పీహెచ్ 12 పైమాటే. కళ్లలో పడితే ప్రమాదం, పిల్లల చేతికి అందనివ్వకండి. గట్టిపడిన పంపును విప్పి తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపిన దాంట్లో నానబెట్టండి. గీకితే ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్కల చక్రం) పాడవుతుంది.

కిళ్లీ సున్నం పేరుకు అదే పదార్థం. అందులో ఇంకా ఏముందో, ఎంత పాతబడి రాయిగా మారిపోయిందో డబ్బా చెప్పదు. ల్యాబ్ గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్ అరకిలో డబ్బా ఇలాంటి ట్యాంకుకు నెలల తరబడి వస్తుంది. అంత చవకైన దాని దగ్గర పిసినారితనం ఎందుకు?

ప్రశ్న (కరీంనగర్ నుంచి): కేహెచ్ నెలలో 9 నుంచి 6.7కి పడిపోయింది. కాల్షియం మాత్రం 430 దగ్గరే ఉంది. ట్యాంకులో గట్టి పగడాలు లేవు. చేపలు పెంచాను, నైట్రేట్ 5 నుంచి 55కు చేరింది.

జవాబు: మీ కేహెచ్‌ను తిన్నది పగడాలు కాదు, మేత. చేపల వ్యర్థాల అమ్మోనియాను బాక్టీరియా నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. నైట్రేట్ 50 పీపీఎం పెరిగితే పోయే కేహెచ్ 2.3. మీ లెక్క అంకెతో సహా కలిసింది. తినే సోడా ఒక్కటే, 100 లీటర్లకు రోజుకు ఒకటిన్నర గ్రాముల చొప్పున వేసి మెల్లగా పైకి తెండి. కాల్షియం వేస్తే అది అనవసరంగా పెరుగుతుంది. నీళ్లు మార్చి, మేత తగ్గించకపోతే వచ్చే నెల ఇదే ప్రశ్న మళ్లీ రాస్తారు.

ప్రశ్న (మంచిర్యాల నుంచి): మెగ్నీషియం 1130 వస్తోంది. కాల్షియం 360, కేహెచ్ 6.5. స్పెసిఫిక్ గ్రావిటీ 1.023. మెగ్నీషియం క్లోరైడ్ ఎంత వేయాలి?

జవాబు: ఏమీ వేయకండి. మీ దగ్గర తక్కువున్నది మెగ్నీషియం కాదు, ఉప్పు. 1.023 అంటే సుమారు 31 లవణీయత (కిలో నీటిలో 31 గ్రాముల ఉప్పు). సముద్రంలో 35, గ్రావిటీలో చెబితే 1.026. సముద్రపు మెగ్నీషియం దాదాపు 1280, దాన్ని 31కి దించితే మీ 1130 దగ్గరకే వస్తుంది. మూడూ కలిసి పడ్డాయంటే ముందు రెఫ్రాక్టోమీటర్‌ను (ఉప్పదనం కొలిచే పరికరం) చూడాలి. దాన్ని డీఐ నీళ్లతో సున్నాకు తిప్పితే చాలదు, 35 స్టాండర్డ్ ద్రావణంతో సరిచేయండి. అప్పుడూ 1.023 వస్తే, ఆవిరైన నీటి బదులు ఉప్పునీళ్లు నింపుతూ వారం రోజుల్లో పైకి తెండి. ఆ తర్వాత కూడా మెగ్నీషియం 1250 లోపు ఉంటేనే మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్: 100 లీటర్లకు 8.4 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతుంది.

ప్రశ్న (జగిత్యాల నుంచి): జోయాంథిడ్లు, మష్రూములు, లెదర్ లాంటి మెత్తని పగడాలే ఉన్నాయి. డోసింగ్ కావాలా? సముద్రం ఒడ్డు నుంచి రాళ్లు, పగడపు ముక్కలు తెచ్చి ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

జవాబు: మొదటిదానికి, అక్కర్లేదు. వారానికి 10 శాతం నీళ్లు మారిస్తే సాధారణంగా సరిపోతుంది. రెండోదానికి, వద్దు. గట్టి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూలులో ఉన్నాయి. మన తీరం నుంచి తీసినవి ఇంట్లో ఉంచుకోవడం నేరం.

ప్రశ్న (కాజీపేట నుంచి): డోసింగ్ పంపు పెట్టి మూడు నెలలైంది. కేహెచ్ కొన్నాళ్లు తగ్గుతుంది, కరెంటు పోయి వచ్చిన రోజు హఠాత్తుగా పెరుగుతుంది. లవణీయత కూడా మెల్లగా ఎక్కుతోంది.

జవాబు: మూడింటికి మూడు కారణాలు. తగ్గడానికి కారణం గొట్టం కొసన కట్టిన తెల్ల పెచ్చు, లేదా పంపులో సాగిపోయిన ట్యూబ్. నెలకోసారి కొలత గ్లాసులోకి 50 మి.లీ. నడిపి చూడండి. 46 వస్తే మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. కొస నీళ్లలో మునగకుండా గాలిలో ఉండాలి. లోపల బ్యాటరీ లేని కొన్ని పంపులు కరెంటు వచ్చాక గడియారం మరిచిపోయి ఆ రోజు షెడ్యూలును మొదటి నుంచి నడుపుతాయి. అలాంటిదైతే చిన్న యూపీఎస్ పెట్టండి. డోసును రోజుకు 12 విడతలకు పైగా విడగొడితే ఒకటి రెండు రెట్టించినా నష్టం ఉండదు. సీసాలో నీటి మట్టం సంపు కంటే పైన ఉంటే, పంపు ఆగాక కూడా సైఫన్‌లా ద్రావణం కారవచ్చు. సీసాలు కింద పెట్టండి.

లవణీయత ఎక్కడం ఈ రెండు ద్రావణాల స్వభావంలోనే ఉంది. సోడాలోని సోడియం, కాల్షియం క్లోరైడ్‌లోని క్లోరైడ్ ట్యాంకులోనే మిగిలిపోతాయి. పైన చెప్పిన బలంతో రెండూ ఒక్కో లీటరు పోస్తే దాదాపు 58 గ్రాముల మామూలు ఉప్పు చేరినట్టే. 100 లీటర్ల ట్యాంకులో అది లవణీయతను 0.6 పెంచుతుంది. నీళ్లు మార్చేటప్పుడు కొత్త నీళ్లు 35కు బదులు 34లో కలపండి. నెల తర్వాత మీటరు చూసి, దిగితే మళ్లీ 35కు వెళ్లండి.