టర్బో పెట్రోల్ కారుకు వేరే కారు పెద్ద ఇంజెక్టర్లు వేస్తే పికప్ పెరుగుతుందా?

మీది కడపలో ఫియట్ లీనియా టీ-జెట్ అని, పికప్ తగ్గిందని, వేరే కారువి పెద్ద ఇంజెక్టర్లు బెంగళూరులో చౌకగా దొరుకుతున్నాయని రాశారు. అవి వేస్తే పికప్ పెరుగుతుందా, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) తనే సర్దుకుంటుందా అన్నది మీ ప్రశ్న. నేను అనంతపురంలో ఇదే కారు నడుపుతున్నాను, ఇంజెక్టర్లు మార్పించాను కూడా. రీమ్యాప్ (ఈసీయూలోని సెట్టింగులు, అంటే మ్యాప్, మార్పించడం) చేయించే ఉద్దేశం లేకపోతే మాత్రం వద్దు బ్రదర్.

ఇంజెక్టర్ పవర్ పుట్టించదు. టర్బో తోసే గాలికి తగినంత పెట్రోలు అందించడమే దాని పని. కంపెనీ చెప్పిన 114 పీఎస్ (దాదాపు అన్ని హార్స్‌పవర్) పవర్‌కు కంపెనీ ఇంజెక్టర్లే చాలు. టర్బో పెట్రోల్ ఇంజిన్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కు నిమిషానికి సుమారు 6 సీసీ పెట్రోలు పడుతుంది. 150 హార్స్‌పవర్ కావాలనుకుంటే మొత్తం 900 సీసీ, ఒక్కో ఇంజెక్టర్‌కు 225. ఇంజెక్టర్‌ను 80 శాతం సమయానికి మించి తెరిచి ఉంచకపోవడం మంచిది కాబట్టి 280 సీసీది కావాలి. మీకు ఎంత పవర్ కావాలో ముందు తేల్చుకుని ఈ లెక్క వేసుకోండి.

అసలు సంగతి లాగ్‌లో, అంటే ఇంజిన్ నడుస్తుండగా ఈసీయూ నుంచి తీసే అంకెల్లో, తెలుస్తుంది. 6000 ఆర్పీఎం దగ్గర ఒక ఇంజిన్ సైకిల్‌కు 20 మిల్లీసెకన్లే ఉంటాయి. ఫుల్ యాక్సిలరేటర్‌లో ఇంజెక్టర్ 16 మిల్లీసెకన్లు దాటి తెరిచి ఉంటోందంటే హద్దుకు వచ్చినట్టే. నా కారుకు బూస్ట్ (టర్బో గాలిని తోసే ఒత్తిడి) పెంచి రీమ్యాప్ చేయించినప్పుడు ఇబ్బంది లేదు. బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చాక డ్యూటీ, అంటే ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం, 90 శాతం దగ్గరికి పోయింది. మామూలు పెట్రోలు ఒక వంతుకు బరువులో గాలి 14.7 వంతులు సరిపోతే, ఈ20కి 13.5 దగ్గర ఉండాలి. అంటే అదే గాలికి పెట్రోలు దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ కావాలి. అందుకే నేను ఇంజెక్టర్లు మార్చాను. ఈ లాగ్ డైనో (కారు చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీదే తీయించండి. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతూ తీద్దామని మాత్రం అనుకోవద్దు, ఆ మలుపుల్లో లారీల మధ్య అది ప్రాణాలతో చెలగాటం.

ఇక ఈసీయూ సర్దుకుంటుందన్న మాట. అది సగమే నిజం, ఆ సగాన్ని నమ్ముకునే చాలామంది ఇంజిన్లు పాడు చేసుకుంటున్నారు. 25 శాతం పెద్ద ఇంజెక్టర్ వేశారనుకోండి. నిదానంగా పోతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ 20 శాతం తగ్గించుకుంటుంది, బండి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఫుల్ బూస్ట్‌లో చాలా ఈసీయూలు ఆ సెన్సర్ మాట వినవు, మ్యాప్‌లో రాసి ఉన్నంతసేపు తెరుస్తాయి. అక్కడ 12 ఉండాల్సిన గాలి-పెట్రోలు నిష్పత్తి 9.6కి పడిపోతుంది. నల్ల పొగ, ప్లగ్గులకు మసి, క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి కరగడం, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను పెట్రోలు కడిగేయడం అన్నీ అక్కడే మొదలవుతాయి. ఐడిల్‌లో ఇంకో చిక్కు. కరెంటు అందాక ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే సమయం మోడల్‌ను బట్టి మారుతుంది, బ్యాటరీ వోల్టేజీ తగ్గితే ఇంకా పెరుగుతుంది. ఐడిల్‌లో మొత్తం తెరిచి ఉండేదే రెండు మూడు మిల్లీసెకన్లు కాబట్టి, ఈ తేడా మ్యాప్‌లో సరిచేయకపోతే సిగ్నల్ దగ్గర బండి ఊగుతుంది, ఆగిపోతుంది.

కొనేముందు మల్టీమీటర్ తీసుకెళ్లండి. 12 నుంచి 16 ఓమ్‌లు చూపిస్తే మీ ఈసీయూకు సరిపోతుంది. 2, 3 ఓమ్‌లు చూపించేవి నేరుగా తగిలిస్తే ఈసీయూలో ఇంజెక్టర్లను నడిపే సర్క్యూట్ కాలిపోతుంది. పొడవు, కనెక్టర్, ఓ-రింగ్ సైజు సరిపోవాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) కారువి మీ మ్యానిఫోల్డ్‌లోకి అసలు పనికిరావు. సెకండ్ హ్యాండ్‌వి ఎంత బాగున్నట్టు కనిపించినా నాలుగింటినీ ఇంజెక్టర్ క్లీనింగ్ చేసే షాపులో బెంచ్ మీద పెట్టించండి. నావాటిలో ఒకటి మూసి ఉన్నప్పుడు కూడా చుక్కలు కారింది, దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తెప్పించాను. నాలుగూ దాదాపు ఒకేలా వదలాలి. ఒక్కటి తక్కువ వదిలితే ఆ సిలిండర్ బూస్ట్‌లో లీన్ అయి (గాలికి తగ్గ పెట్రోలు అందక) పిస్టన్ పోతుంది, రీమ్యాప్ ఎంత బాగా చేసినా దాన్ని కాపాడలేదు.

బిగించేటప్పుడు కొత్త ఓ-రింగులకు కాస్త ఇంజిన్ ఆయిల్ రాయించండి. స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, పంపు ప్రెషర్ ఎక్కాక రెయిల్ చుట్టూ తడి ఉందేమో టార్చ్ వేసి చూడండి. టర్బో ఉన్న ఇంజిన్ బేలో, అందులోనూ మన ఎండలకు, పెట్రోలు లీకు అంటే మంటే.

మీరు బూస్ట్ పెంచలేదు, అయినా పికప్ తగ్గింది అంటున్నారు కదా, నా అనుమానం ఇంజెక్టర్ల మీద లేదు. ఏప్రిల్, మే నెలల్లో కడప ఎండకు లోపలికి వెళ్లే గాలి వేడెక్కి, నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) రాకుండా ఈసీయూనే స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి థ్రాటిల్‌కు పోయే గొట్టాల్లో పగుళ్లున్నాయేమో, క్లాంపులు వదులయ్యాయేమో చూపించండి. స్పార్క్ ప్లగ్గులు, ఫ్యూయల్ పంపు ప్రెషర్ కూడా. ఇవన్నీ మీ ఊళ్లోనే ఒక పూటలో చూడగలిగేవి.