ఎర ట్యాంకు స్విచ్ మాటిమాటికీ మొరాయిస్తుంటే

ప్రశ్న: మేముండేది శాన్ డియాగోలో అండి. సెలవు రోజున తెల్లవారుజామునే లా హోయా షోర్స్ దగ్గర కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) దించి ఎల్లోటెయిల్ చేపల వేటకు వెళ్తుంటాను. బతికున్న మాకరెల్ చేపల్ని ఎరగా వాడతాం కాబట్టి కయాక్ వెనక భాగంలో చిన్న ఎర ట్యాంకు పెట్టుకున్నాను. అందులో నీళ్లు తిప్పడానికి 12 వోల్టుల పంపు, పక్కన డబ్బాలో బ్యాటరీ, డబ్బా మూత మీద టోగుల్ స్విచ్. ఈ స్విచ్‌తోనే నా గోలంతా. ఒకసారి వేస్తే పంపు తిరుగుతుంది, ఇంకోసారి తిరగదు, వేలితో కొడితే మళ్లీ తిరుగుతుంది. రబ్బరు తొడుగున్నది కొన్నాను, వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నదీ కొన్నాను, ఏదీ సీజన్ దాటడం లేదు. ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడు పంపు ఆగిందంటే కాసేపట్లోనే చేపలన్నీ తేలిపోతాయి, ఆ టెన్షన్‌లో వేట మీద మనసు నిలవదు. మంచి స్విచ్ ఏదో చెప్పగలరా?

జవాబు: ఇంకో స్విచ్ ఇప్పుడే కొనకండి. మీరు రాసిన లక్షణాలు చూస్తే స్విచ్ రకం కంటే అది ఉన్న చోటుతోనే అసలు పేచీ అనిపిస్తోంది. ఎంత ఖరీదైనది తెచ్చినా అదే మూత మీద, అదే ఉప్పుజల్లులో పెడితే దానికీ అదే గతి పడుతుంది.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి, పంపు నీళ్లలో నడుస్తుండగా, స్విచ్ వెనక ఉన్న రెండు టెర్మినళ్ల మీద చెరో ప్రోబ్ ఆనించండి. స్విచ్ ఆరోగ్యంగా ఉంటే దాదాపు సున్నా, మహా అయితే 0.1 వోల్టు చూపిస్తుంది. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తోందంటే లోపల కాంటాక్టులు (ఆన్ చేసినప్పుడు ఒకదానికొకటి ఆనే లోహపు ముక్కలు) మాడిపోయాయి లేదా చిలుము పట్టాయి. స్విచ్ ఆన్‌లో ఉన్నా పంపు తిరగక, మీటరు పూర్తి 12 వోల్టులు చూపిస్తే స్విచ్ లోపల అసలు కలవడమే లేదు. పంపు తిరగకపోయినా మీటరు సున్నాయే చూపిస్తే మాత్రం స్విచ్‌ని వదిలేసి ఫ్యూజు, వైర్ల జాయింట్లు, పంపు చూడాలి. చాలామంది పంపు వైరు ఊడదీసి, కరెంటు పారకుండానే వోల్టేజి చూసి, 12 వస్తోంది కదా అంతా బాగానే ఉందనుకుంటారు. అలా చూస్తే పాడైన కాంటాక్టు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. కరెంటు పారుతున్నప్పుడు చూస్తేనే దాని రంగు బయటపడుతుంది.

ఇప్పుడు ఎందుకు పాడవుతోందో చెప్తాను, ఇది అర్థమైతే మిగతా పనంతా మీరే చేసుకోగలరు. రబ్బరు తొడుగు కాపాడేది స్విచ్ ముందు భాగాన్ని మాత్రమే. వెనక టెర్మినళ్లు డబ్బాలో బయటపడే ఉంటాయి. ఎండలో డబ్బా వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, అంతలో చల్లటి అల ఒకటి మీద పడగానే ఆ గాలి సంకోచించి, సీలు పక్కన సన్నటి సందు ఎక్కడున్నా అక్కణ్ణుంచి నీటిని లోపలికి లాగేస్తుంది. స్విచ్ మీద ఐపీ67 అని ఉండవచ్చు, దుమ్ము, నీరు ఎంతవరకు ఆపుతుందో చెప్పే గుర్తు అది, అందులో 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచితే హాని చేసేంత నీరు లోపలికి పోదని. ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో. నెలల తరబడి ఉప్పు, ఎండ, కుదుపులు పడుతూ ఉండే పరిస్థితికి అది హామీ కాదు. పైగా ఉప్పు ఆరిపోయినట్టు కనిపించినా గాలిలో తేమని పీల్చుకుని మళ్లీ చెమ్మగిల్లుతుంది, కాబట్టి మీరు ఇంటికొచ్చి గరాజ్‌లో పెట్టేశాక కూడా లోపల పని సాగుతూనే ఉంటుంది.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజి తేడా దాదాపు ఉండదు. ఆఫ్‌లో ఉన్నప్పుడు ఒక టెర్మినల్ బ్యాటరీ పాజిటివ్‌కి కలిసి ఉంటుంది, రెండోది పంపు మోటారు గుండా నెగటివ్‌కి కలిసి ఉంటుంది. అంటే వాటి మధ్య పూర్తి 12 వోల్టులు. ఆ రెండింటి నడుమ ఉప్పు చెమ్మ పొర ఉంటే సన్నగా కరెంటు పారుతూ పాజిటివ్ వైపు లోహాన్ని కరిగించేస్తుంది. అంటే మీ స్విచ్‌ని ఎక్కువగా తినేసేది, మీరు వేటలో వాడుతున్న సమయం కంటే ఇంటి దగ్గర బ్యాటరీ తగిలించి ఆఫ్ చేసి వదిలేసిన సమయమే. ఒడ్డుకు రాగానే బ్యాటరీ కనెక్షన్ ఊడదీసే అలవాటు చేసుకోండి, పైసా ఖర్చు లేకుండా స్విచ్ ఆయుష్షు పెరుగుతుంది.

ఇక శాశ్వత పరిష్కారం. నా సలహా అయితే స్విచ్ తీసేయండి. ఎర ట్యాంకు పంపుని నీళ్లలోకి దిగినప్పుడు వేస్తారు, ఒడ్డుకొచ్చాక ఆపుతారు, మధ్యలో ఆపాల్సిన పని అరుదు. దానికి బ్యాటరీ డబ్బా లోపలే ఒక మంచి ప్లగ్ కనెక్టర్ చాలు. బయల్దేరే ముందు కలిపి మూత బిగిస్తారు, వచ్చాక ఊడదీస్తారు, పైన చెప్పిన బ్యాటరీ ఊడదీసే పని కూడా దాంతోనే అయిపోతుంది. ఎక్స్‌టీ60 కనెక్టర్ బాగుంటుంది. ఎస్‌ఏఈ రెండు పిన్నుల రకం వాడితే, దానిలో ఒక పిన్ను బయటికి ఉంటుంది, ఒకటి రబ్బరులో దాగి ఉంటుంది. బ్యాటరీ వైపు సగంలో పాజిటివ్ దాగి ఉన్న పిన్నుకే రావాలి, లేకపోతే ఊడదీసినప్పుడు దేనికైనా తగిలి షార్ట్ అవుతుంది.

మూత తీయకుండా ఆన్, ఆఫ్ చేయాల్సిందేనంటారా, అప్పుడు రీడ్ స్విచ్ వాడండి. గాజు గొట్టంలో రెండు సన్నటి రేకులుంటాయి, దగ్గరకి అయస్కాంతం తెస్తే కలుస్తాయి. దాన్ని డబ్బా లోపలి గోడకి ఎపాక్సీలో పాతిపెట్టేసి, బయట తాడుకు కట్టిన అయస్కాంతం ఆనిస్తే పంపు నడుస్తుంది. డబ్బాకి చిల్లే అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, పంపు కరెంటు నేరుగా రీడ్ గుండా పంపకండి, చిన్న రీడ్‌లు అర ఆంపియరు, ఒక ఆంపియరు కంటే ఎక్కువ మోయలేవు, రేకులు అతుక్కుపోతాయి. కార్లలో వాడే 12 వోల్టుల రిలే ఒకటి తీసుకోండి, అంటే లోపలి తీగచుట్టకి (కాయిల్) కొద్ది కరెంటు ఇస్తే పెద్ద కరెంటుని కలిపే స్విచ్. రీడ్‌తో దాని కాయిల్‌ని మాత్రం నడపండి. రిలే మీద ఉండే నంబర్లలో కాయిల్ టెర్మినళ్లు 85, 86. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చే వైరు 30కి, పంపు పాజిటివ్ 87కి. కాయిల్ రెండు టెర్మినళ్ల మధ్య 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) అడ్డంగా పెట్టాలి, దాని గీత ఉన్న వైపు కాయిల్ పాజిటివ్‌కి. అది లేకపోతే కాయిల్ ఆగిన ప్రతిసారీ వచ్చే వోల్టేజి దెబ్బకి రీడ్ రేకులు పాడవుతాయి.

స్విచ్ అయినా రిలే అయినా పాజిటివ్ వైరులోనే ఉండాలి. నెగటివ్‌లో పెడితే పంపు ఆపినా దాని వైర్లలో 12 వోల్టులు ఉంటూనే ఉంటాయి, ఇన్సులేషన్‌లో సూదిమొనంత చిల్లు ఉన్నా అక్కడ వైరు తెగేదాకా తినేస్తుంది. చాలా పంపులకి గోధుమరంగు వైరు పాజిటివ్, నల్లది నెగటివ్, అయినా మీ పంపు కాగితం ఒకసారి చూసుకోండి.

వైర్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే స్విచ్ బాగుచేసి దీన్ని వదిలేస్తే మళ్లీ నాకు ఉత్తరం రాయాల్సి వస్తుంది. పోగుల వైరు కొసలో తడి తగిలితే ఆ నీరు పోగుల మధ్య సందుల గుండా ఇన్సులేషన్ లోపలికి పాకిపోతుంది. పైకి బాగా కనిపించే వైరుని కోసి చూస్తే లోపల రాగి నల్లగానో పచ్చగానో ఉంటుంది. తళతళలాడే రాగి కనిపించేదాకా వెనక్కి కోసేయండి, మిగిలింది పొట్టిగా ఉంటే కొత్త వైరు వేయండి. పడవలకి వాడే తగరం పూత వైరు దొరుకుతుంది, అది తీసుకోండి. జాయింటుని క్రింపు చేసి (లోహపు గొట్టంలో పెట్టి గట్టిగా నొక్కి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసేది) వేసి, రెండు కొసల్లోనూ జిగురు బయటికి ఉబికేదాకా వేడి చేయండి. మామూలు హీట్ ష్రింక్ నీటిని ఆపదు. ఎలక్ట్రికల్ టేపు అయితే తడిని లోపలే పట్టి ఉంచుతుంది.

వైరు డబ్బాలోంచి బయటికొచ్చే చోట కేబుల్ గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకుని నీరు ఆపే బిరడా) పెడతారు కదా, అది గుండ్రటి కేబుల్ ఒక్కదాన్నే బిగపట్టగలదు. పంపుకి వచ్చే రెండు సన్నటి వైర్లనీ కలిపి దూర్చితే వాటి మధ్య సందు మిగిలి నీరు పోతుంది. లోపల రెండు వైర్లున్న గుండ్రటి కేబుల్ వాడండి, లేదా రెండు చిన్న గ్లాండ్లు పెట్టండి.

ఫ్యూజు సంగతి మీరు రాయలేదు. లేకపోతే ఇవాళే పెట్టండి, బ్యాటరీ పాజిటివ్‌కి వీలైనంత దగ్గరగా. గంటకి 500 గ్యాలన్ల తరగతి పంపులు సుమారు 2 ఆంపియర్లు తీసుకుంటాయి, వాటికి 3 ఆంపియర్ల ఫ్యూజు మామూలుగా సరిపోతుంది, పంపు మీద వేరే విలువ రాసి ఉంటే అదే పెట్టండి. మాకరెల్ పొలుసులు పంపు లోపలి చక్రంలో ఇరుక్కుంటే మోటారు కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. స్విచ్ కాంటాక్టులు మాడిపోవడానికి అదీ ఒక పెద్ద కారణం. వేట నుంచి వచ్చాక పంపు జాలీ ఊడదీసి, పొలుసులు తీసి, బకెట్ మంచినీళ్లలో కాసేపు నడపండి.

ప్రశ్న: (ఇదీ కాలిఫోర్నియా నుంచే, వేరే పాఠకుడు) నేను స్విచ్ వెనకంతా సిలికాన్ సీలెంట్ నింపేశాను. అయినా లోపల పచ్చగా అయిపోయింది. సిలికాన్ నీటిని ఆపాలి కదా?

జవాబు: పూసినప్పుడు వెనిగర్ వాసన వచ్చిందా? వచ్చి ఉంటే అది గట్టిపడేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదిలే రకం, రాగిని అదే తినేస్తుంది. ట్యూబు మీద న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే కరెంటు పనులకి వాడాలి. ఇంకో మాట, అప్పటికే ఉప్పు చేరిన టెర్మినళ్ల మీద ఏది పూసినా ఉప్పుని లోపల బంధించినట్టే. ముందు మంచినీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరబెట్టాక పూయండి.

ప్రశ్న: 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ సీల్డ్ బ్యాటరీ వాడుతున్నాను. 2 ఆంపియర్ల పంపు మూడున్నర గంటలు నడవాలి, అంతకన్నా చాలా ముందే నీరసపడుతోంది. స్విచ్‌లో పోతోందా?

జవాబు: స్విచ్‌లో కొంత పోవచ్చు, పైన చెప్పిన మీటరు పరీక్ష చేయండి. కానీ లెక్కలోనే తేడా ఉంది. మీ సీల్డ్ బ్యాటరీ లెడ్ యాసిడ్ రకం, దాని మీద రాసే 7 అన్నది 20 గంటల్లో ఖాళీ చేస్తే వచ్చే విలువ, అంటే 0.35 ఆంపియర్ల చొప్పున. 2 ఆంపియర్లు లాగితే అంత రాదు, కొత్త బ్యాటరీ అయినా రెండున్నర, మూడు గంటలు అనుకోండి, పాతబడితే ఇంకా తక్కువ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే దాదాపు రాసినంతా ఇస్తుంది, బరువు కూడా సగం లోపే, కయాక్ మీద అది చిన్న విషయం కాదు. దానికి దాని చార్జరే వాడాలి. పాత సీల్డ్ బ్యాటరీనే ఉంచుకుంటే దాన్ని మూత బిగించిన డబ్బాలో పెట్టి చార్జ్ చేయవద్దు, ఓవర్‌చార్జ్ అయితే హైడ్రోజన్ వస్తుంది, మూసిన డబ్బాలో అది పేలే ప్రమాదం ఉంది. బయటికి తీసి, గాలి తగిలే చోట చార్జ్ చేయండి.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. ఆటోలో ట్యాంకు పెట్టుకుని బతికున్న బొచ్చె, శీలావతి చేపలు అమ్ముతాను సార్. గాలి పంపుకి ఇంట్లో గోడకి బిగించే స్విచ్ వాడాను, నెల తిరక్కుండానే లోపల మాడిపోతోంది. ఇక్కడ ఉప్పునీరు కూడా లేదు కదా?

జవాబు: మీ దగ్గర కారణం వేరు. గోడ స్విచ్ మీద రాసిన 6 ఆంపియర్లు, 240 వోల్టులు ఏసీ లెక్క. ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి కాంటాక్టులు విడిపోయేటప్పుడు పుట్టే నిప్పురవ్వ వెంటనే ఆరిపోతుంది. బ్యాటరీ డీసీలో అలా సున్నాకి రాదు, మోటారు లోడ్ అయితే రవ్వ ఇంకా గట్టిగా వస్తుంది. దానికి తోడు ఆటో కుదుపులకి స్క్రూలు వదులై అక్కడ వేడెక్కుతుంది. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర బండ్లకి వాడే 12 వోల్టుల స్విచ్, రిలే, ఫ్యూజు అన్నీ దొరుకుతాయి, అవి వేయించండి, వైరు కొసలకి లగ్గులు (స్క్రూ కింద బిగించే లోహపు కొసలు) క్రింపు చేయించండి. గాలి పంపుని ట్యాంకులోని నీటి మట్టం కంటే పైన బిగించండి, లేకపోతే పంపు ఆగినప్పుడు ట్యూబు గుండా నీళ్లు వెనక్కి వచ్చి పంపులోకే చేరతాయి. పైన పెట్టే వీలు లేకపోతే ట్యూబులో నాన్ రిటర్న్ వాల్వు వేయండి, చిన్నదే. కొర్రమీను అయితే పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది, బొచ్చెకీ శీలావతికీ ఆ వీలు లేదు. అందుకని బండిలో రెండో గాలి పంపు ఒకటి, దానికి వేరే ఫ్యూజు, వేరే వైరుతో తప్పకుండా పెట్టుకోండి.