ఆర్కైవ్ ప్రోగ్రామ్‌కి స్ట్రక్ట్‌లు రాసేముందు

చిరంజీవి బుజ్జికి,

జయనగర్ నుంచి మీ బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన కోడ్ చూశాను. మారతహళ్లి పీజీలో నీ చుట్టూ అందరూ ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పడుతుంటే, నువ్వు ఫైళ్లన్నిటినీ ఒక్క ఫైల్లో సర్దే ఆర్కైవ్ ప్రోగ్రామ్‌ని సి భాషలో రాయాలని కూర్చోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. మెమరీ మీద, ఫైళ్ల మీద దీనివల్ల వచ్చే పట్టు ఇంకెలాగూ రాదు.

అయితే కంప్రెషన్ (సైజు కుదించడం) జోలికి వెళ్లకముందే ఒకటి సరిచెయ్యాలి. నువ్వు ఒకే ఒక స్ట్రక్ట్, అంటే కొన్ని ఫీల్డుల్ని కట్టగట్టిన డేటా రకం, రాశావు. అందులో రకానికి ఒక క్యార్, సైజుకి లాంగ్ (పూర్ణసంఖ్య), పేరుకి పాయింటర్ (మెమరీ చిరునామా), తేదీకి టైమ్_టీ, తర్వాతి ఎంట్రీకి, అంటే తర్వాతి ఫైల్ వివరాలకి, నెక్స్ట్ పాయింటర్. దాన్నే మెమరీలో వాడుతున్నావు, దాన్నే ఎఫ్‌రైట్ ఫంక్షన్‌తో ఉన్నదున్నట్టు ఫైల్లోకి దించుతున్నావు. ఈ రెండు పనులకీ ఒకే స్ట్రక్ట్ కుదరదు. డిస్క్ మీద ఉండే రూపం వేరు, మెమరీలో ఉండే రూపం వేరు. ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఇందుకే.

నీ 64 బిట్ లినక్స్ ల్యాప్‌టాప్‌లో ఆ స్ట్రక్ట్ ఎన్ని బైట్లో సైజ్‌ఆఫ్‌తో అడుగు. ఫీల్డులు కూడితే 33 బైట్లే, కానీ అది 40 అంటుంది. తర్వాతి లాంగ్ 8 బైట్ల హద్దు మీద మొదలవ్వాలని క్యార్ తర్వాత కంపైలర్ 7 ఖాళీ బైట్లు పెట్టింది. అదే కోడ్‌ని 64 బిట్ విండోస్‌లో కంపైల్ చేస్తే 32 వస్తుంది, ఎందుకంటే అక్కడ లాంగ్ అంటే 4 బైట్లే, దాని ముందు ఖాళీ 3 చాలు. అంటే నువ్వు ఇక్కడ చేసిన ఆర్కైవ్‌ని అక్కడ తెరిస్తే రెండో ఫీల్డు నుంచే అంతా తారుమారు. పాయింటర్ల సంగతి ఇంకా ఘోరం. కలాసిపాళ్యంలో కడప బస్సుకి పార్సిల్ వేస్తూ, దాని మీద చిరునామాకి బదులు ‘మా అలమారా రెండో అరలో చూడండి’ అని రాస్తే ఎలా ఉంటుందో, ఫైల్లో పాయింటర్ రాయడం అలా ఉంటుంది. పేరు ఫైల్లోకి వెళ్లలేదు, అది నీ ర్యామ్‌లో ఎక్కడుందో మాత్రం వెళ్లింది.

పీజీలో ఎవరో ఒకరు ‘ప్యాక్డ్ పెట్టు, సరిపోతుంది’ అంటారు. వినకు. దానితో ఖాళీ బైట్లు పోతాయి గానీ, మెషీన్ల మధ్య బైట్ల వరుస తేడా పోదు, లాంగ్ తేడా పోదు, పాయింటర్ పాయింటర్‌గానే ఉంటుంది.

నేను పనిచేసిన ఒక కంపెనీలో 32 బిట్ మెషీన్ మీద ఇలాగే దించేసిన బ్యాకప్‌లు కొత్త సర్వర్ మీద తెరుచుకోలేదు. డేటా అంతా భద్రంగానే ఉంది. ఏ బైట్ దేనిదో చెప్పే కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

కాబట్టి ముందు కాగితం తీసుకో. ఒక్కో ఎంట్రీకి ఇలా గీసుకో: రకం 1 బైట్, కంప్రెషన్ పద్ధతి 1, పేరు పొడవు 2, పర్మిషన్లు 4, మార్చిన సమయం 8, అసలు సైజు 8, కంప్రెస్ చేశాక సైజు 8, డేటా మొదలయ్యే చోటు 8, డేటా చెడిందో లేదో చూసే సీఆర్‌సీ-32 కి 4. మొత్తం 44 బైట్లు, వెంటనే పేరు. అన్నీ లిటిల్ ఎండియన్, అంటే తక్కువ విలువ బైట్ ముందు. వీటిని రాయడానికి, చదవడానికి 16, 32, 64 బిట్లకి చిన్న చిన్న ఫంక్షన్లు రాసుకో. షిఫ్ట్ చేస్తూ ఒక్కో బైట్‌నీ బఫర్‌లో పెట్టాలి, అంతే. స్ట్రక్ట్‌ని మొత్తంగా ఎప్పుడూ దించకు.

సైజుకి 8 బైట్లు ఎందుకంటావేమో. జిప్ అనే ఆర్కైవ్ ఫార్మాట్ 1989లో వచ్చింది. అందులో సైజుకి 4 బైట్లే ఇచ్చారు కాబట్టి 4 జీబీ దగ్గర ఆగిపోయి, తర్వాత జిప్64 తేవాల్సి వచ్చింది. యునిక్స్ వాళ్ల టార్ ఫార్మాట్‌లో సైజుని ఆక్టల్ (0 నుంచి 7 వరకే ఉండే) అంకెలుగా 12 బైట్లలో రాస్తారు. చివరి బైట్ ముగింపు గుర్తుకి పోతే, మిగిలిన 11 అంకెలకి 8 జీబీతో సరి. వాళ్ల కాలానికి అవి చాలా పెద్ద సంఖ్యలు. నీ కాలానికి ఒక ఫోన్ వీడియో చాలు.

పేరు దగ్గర ఇంకొంచెం ఆగు. టార్‌లో ఒక్కో ఫైల్ ముందుండే హెడర్ 512 బైట్లు, అందులో పేరుకి 100. చాలకే తర్వాత 155 బైట్ల ప్రిఫిక్స్ (పేరు ముందుభాగం) చేర్చారు. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్ (హల్లు, గుణింతపు గుర్తు, సున్న విడివిడిగా) ఒక్కోటి 3 బైట్లు. ‘బెంగళూరు’ కంటికి నాలుగక్షరాలు, ఫైల్లో 24 బైట్లు. అమ్మమ్మ ఊరి ఫొటోలకి నువ్వు పెట్టుకునే పొడవాటి పేర్లు 100 బైట్లలో ఎక్కడ పడతాయి? అందుకే పొడవు ముందు, పేరు తర్వాత. చదివాక మెమరీలో పేరు ముగిసిందని చెప్పే చివరి సున్నా బైట్ నువ్వే పెట్టుకోవాలి.

ఈ ఎంట్రీలన్నిటి జాబితా, అంటే ఇండెక్స్, ఎక్కడ పెట్టాలన్నది నీ ఇష్టమే గానీ, నా ఓటు చివరికి. టార్ పుట్టింది టేపుల కోసం, అందులో ఇండెక్స్ లేదు, చివరి ఫైల్ కావాలన్నా మొదటి నుంచి నడవాలి. జిప్ ఇండెక్స్‌ని చివర్న పెట్టింది, కానీ ఆఖరి రికార్డుకి కామెంట్ తగిలించుకునే వీలివ్వడంతో దాన్ని వెనక నుంచి వెతుక్కుంటూ రావాలి. నువ్వు ఆఖర్న సరిగ్గా 16 బైట్లు రాయి: ఇండెక్స్ మొదలయ్యే చోటుకి 8, ఎంట్రీల సంఖ్యకి 4, ఇది నీ ఫార్మాటే అని గుర్తించే సిగ్నేచర్‌కి 4. ఫైల్ మొదట్లో కూడా సిగ్నేచర్, వెర్షన్ నంబర్ ఉండాలి. వెర్షన్ మాత్రం మర్చిపోవద్దు, తల్లీ. రేపు ఫార్మాట్ మార్చాలనిపిస్తే అదొక్కటే దారి.

ఇక మెమరీ స్ట్రక్ట్. ఇక్కడ నీకు పూర్తి స్వేచ్ఛ ఉంది, పాయింటర్లు నిక్షేపంగా వాడుకో. నెక్స్ట్ పాయింటర్లతో అల్లిన లింక్డ్ లిస్ట్ బదులు వరుసగా ఉండే అర్రే పెట్టి, నిండినప్పుడల్లా రీఅలాక్‌తో రెట్టింపు చెయ్యి. రీఅలాక్ తర్వాత అర్రే వేరే చోటికి పోవచ్చు కాబట్టి ఎంట్రీ పాయింటర్ దాచుకోకు, దాని నంబర్ దాచుకో.

చదివేటప్పుడు ఫైల్ చెప్పే ఏ సంఖ్యనీ నమ్మకు. చోటు, సైజు కూడి ఫైల్ పొడవుతో పోల్చితే మొత్తం 64 బిట్లు దాటి ఓవర్‌ఫ్లో అయ్యి తప్పుడు సంఖ్య కూడా సరే అనిపిస్తుంది. ముందు చోటు ఫైల్ పొడవు దాటలేదని చూసి, పొడవులోంచి దాన్ని తీసేసి, మిగిలినదానితో సైజుని పోల్చు. పేరు స్లాష్‌తో మొదలైనా, అందులో ఎక్కడైనా రెండు చుక్కల ఫోల్డర్ (అంటే పై ఫోల్డర్) ఉన్నా విప్పొద్దు. లేకపోతే ఎవరో పంపిన ఆర్కైవ్ నీ హోమ్ ఫోల్డర్‌లో ఫైళ్లని తుడిచి రాసేస్తుంది.

సున్నా బైట్ల ఫైల్, ఖాళీ ఫోల్డర్, తెలుగు పేరున్న ఫైల్, ఈ మూడింటితో మొదటి ఆర్కైవ్ చేసి, బైట్లని అంకెలుగా చూపే హెక్స్‌డంప్‌లో తెరిచి, కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో బైట్ సరిచూడు. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు ఆ రెండూ తీసుకురా, కూర్చుని చూద్దాం. పిన్ని గుత్తివంకాయ చేస్తానంది.

మీ బాబాయి