ప్రైమరీలో పోటీ ఉంటే అభ్యర్థులు నిజంగానే మాట మారుస్తారా, లేక అంతా నాటకమా?

అమెరికాలో ప్రైమరీ, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, గెలిచి నామినేషన్ వచ్చేదాకా ఒక మాట, వచ్చాక ఇంకో మాట, అంతా నాటకమే కదా అని మీరు అడిగారు. సగం ఒప్పుకుంటాను. మిగతా సగం నేను దగ్గర్నుంచి చూశాను. 2015-16లో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో హెచ్‌1బీ మీద ఉన్నాను. మాకు ఓటు లేదు గానీ ఆ ఏడాది రిపబ్లికన్ ప్రైమరీలో వాళ్ల చేతుల్లో నలిగింది మా వీసానే.

టెడ్ క్రూజ్ మా టెక్సస్ సెనేటర్, ఆ ప్రైమరీలో ట్రంప్‌తో పోటీపడ్డవాడు. 2013లో ఇమిగ్రేషన్ బిల్లు కమిటీలో ఉన్నప్పుడు హెచ్‌1బీ కోటాని 65 వేల నుంచి 3 లక్షల 25 వేలకు పెంచమని సవరణ పెట్టాడు. అది వీగిపోయింది గానీ మావాళ్లలో ఆయనకి మంచి పేరొచ్చింది. 2015 ఆగస్టులో ట్రంప్ తన ఇమిగ్రేషన్ ప్లాన్ బయటపెట్టి హెచ్‌1బీని కట్టుదిట్టం చేస్తానన్నాడు. నవంబరుకల్లా క్రూజ్ ఇంకో అడుగు ముందుకేశాడు: 180 రోజులపాటు హెచ్‌1బీలు ఇవ్వడమే ఆపేస్తాడట. డిసెంబరులో ఇంకో సెనేటర్ జెఫ్ సెషన్స్‌తో కలిసి, హెచ్‌1బీకి కనీస జీతం లక్షా పది వేల డాలర్లు ఉండాలని ఏకంగా బిల్లే పెట్టాడు.

ఆ వారం లంచ్ టేబుల్ దగ్గర ఇదే గోల. మా టీమ్‌లో ఒకడు మాత్రం "పాసవనీరా బాబూ, కన్సల్టెన్సీ వాడు అప్పుడైనా లక్షా పది ఇస్తాడు" అన్నాడు. నవ్వాం గానీ వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లాల్సినవాళ్లు టికెట్లు బుక్ చేయకుండా ఆగారు. జనవరి డిబేట్‌లో ఇంకో పోటీదారు మార్కో రూబియో ఇదే పట్టుకుని క్రూజ్‌ని నిలదీశాడు. రూబియో కూడా ఏమీ తక్కువ తినలేదు, 2013 ఇమిగ్రేషన్ బిల్లు రాసిన ఎనిమిది మందిలో ఒకడై ఉండి, తర్వాత దానికి దూరంగా జరిగాడు.

అభ్యర్థులకి ఇంత భయం ఎవరంటే, ప్రైమరీకి వచ్చి ఓటేసేవాళ్లంటే. టెక్సస్‌లో ఓటరుకి పార్టీ రిజిస్ట్రేషన్ ఉండదు. మా బాబాయ్ సిటిజన్. ఎర్లీ ఓటింగ్‌కి ఆయన్ని నేనే తీసుకెళ్లాను. లోపల "ఏ పార్టీ బ్యాలెట్ కావాలి?" అని అడిగారట, అంతే. "లైన్లో నాకంటే చిన్నవాడు కనపడలేదురా" అన్నాడు బయటికొచ్చి, ఆయనకి అప్పటికే అరవై దాటాయి. ఆ ప్రైమరీకి రిపబ్లికన్ వైపు జనం విరగబడి వచ్చారని చెప్పుకున్నారు. అయినా పడింది దాదాపు 28 లక్షల ఓట్లు, రాష్ట్రంలో ఓటర్లేమో 1.42 కోట్లు. పైగా 2014లో హౌస్ (దిగువ సభ) మెజారిటీ లీడర్, రిపబ్లికన్ ఎరిక్ కాంటర్ వర్జీనియాలో డేవ్ బ్రాట్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ చేతిలో ప్రైమరీ ఓడిపోయాడు. బ్రాట్ ప్రచారంలో ఇమిగ్రేషన్ పెద్ద అంశం. అది చూశాక ఏ రిపబ్లికన్‌కి నిద్ర పడుతుంది?

ట్రంప్‌కీ తప్పలేదు. 2016 మార్చి 3న డెట్రాయిట్ డిబేట్‌లో, నైపుణ్యం ఉన్నవాళ్లు కావాలి కాబట్టి ఈ వీసాల విషయంలో మెత్తబడుతున్నానన్నాడు. ఆ రాత్రే ప్రకటన ఇచ్చి మళ్లీ మొదటికొచ్చాడు.

ఇక మీ "నాటకం" సంగతి. మారిన మాట నిలుస్తుందా లేదా అన్నదానికి నేను చూసేది ఒక్కటే: నవంబరులో, అంటే అసలు ఎన్నికలో, వెనక్కి రావడానికి దారి ఉందా? 2012 జనవరిలో, ఆ ఏటి రిపబ్లికన్ ప్రైమరీలో, మిట్ రామ్నీ, పత్రాలు లేని వలసదారులు తమంతట తామే వెళ్లిపోయేలా చేయాలన్నాడు. నామినేషన్ వచ్చాక ఆ మాట వదిలించుకోవాలనుకున్నా అది ఆయన్ని వదల్లేదు. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం లాటినో ఓట్లలో ఆయనకి దక్కింది 27 శాతం.

డెమొక్రాట్లలో హిల్లరీది ఇంకో రకం. టీపీపీ అనే పసిఫిక్ వాణిజ్య ఒప్పందాన్ని 2012లో విదేశాంగ మంత్రిగా ఆకాశానికెత్తింది. పక్కన ప్రైమరీ ప్రత్యర్థి బెర్నీ శాండర్స్ బలం పుంజుకుంటుంటే 2015 అక్టోబరులో, మొదటి డిబేట్‌కి కొద్ది రోజుల ముందు, వద్దనేసింది. నెగ్గాక మళ్లీ అటు తిరుగుతుందని చాలామంది అనుకున్నారు. కానీ ఎదురుగా ఉన్న ట్రంప్ కూడా అదే ఒప్పందాన్ని తిడుతుంటే ఎక్కడికని తిరుగుతుంది? శాండర్స్ ప్రైమరీ ఓడిపోయాడు, ఆవిడ నవంబరులో ఓడిపోయింది, ఒప్పందం నుంచి మాత్రం అమెరికా 2017 జనవరిలో బయటికొచ్చేసింది.