క్లినిక్‌కి పంపండి, కానీ పైన చూసే మేష్టారెవరో కనుక్కోండి

రాజాం నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి డిగ్రీ అయ్యాక విజయనగరంలో మూడేళ్ల లా చేస్తోంది, ఇది ఆఖరి ఏడు. కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో (పేదవాళ్లకి ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే చోటు) పేరిచ్చి శనివారాలు ఊళ్లు తిరుగుతానంటోంది. పైసా రాదు. జడ్జి పరీక్ష కోచింగ్‌కి వెళ్లమంటే వినదు. రేపు ఎవరికైనా తప్పు సలహా ఇస్తే అది మా పిల్ల మెడకి చుట్టుకోదా?"

సార్, ముందు కోచింగ్ సంగతి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి కనీసం మూడేళ్లు లాయరుగా ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంటే పట్టా రాగానే పరీక్షకి కూర్చోవడం కుదరదు, ముందు కోర్టు మెట్లెక్కాలి, పిటిషన్లు రాయాలి, వచ్చిన మనిషి చెప్పే గోలంతా విని అందులో కేసుకి పనికొచ్చే ముక్క ఏదో పట్టుకోవాలి. ఇప్పటినుంచే వేలకి వేలు కోచింగ్‌కి పోయడం నాకైతే దండగ అనిపిస్తుంది.

ఇక మీ టెన్షన్. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లా విద్యార్థి, సీనియర్ లాయరు పర్యవేక్షణలో కోర్టులో వాదించొచ్చు. మన దగ్గర 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం బార్ కౌన్సిల్‌లో నమోదైనవాళ్లకే ఆ హక్కు. మీ అమ్మాయి వాదించదు, వకాలత్ (లాయరుకి కేసు అప్పగించే కాగితం) మీద సంతకం పెట్టదు. వినడం, కాగితాలు చూడడం, అర్జీ చిత్తుప్రతి రాయడం, అవసరమైతే వచ్చినవాళ్లని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి (ఉచిత న్యాయ సహాయం చూసే సంస్థ) పంపడం, అంతే. రాసింది క్లినిక్‌ని పైనుంచి చూసే మేష్టారు చూడకుండా బయటికి పోకూడదు. ఈ ఒక్కటీ గట్టిగా ఉంటే మీ భయం చాలావరకు తీరినట్టే.

నేర్చుకునేది ఏముంది అంటారేమో. మన పల్లెల్లో తరచూ కనిపించే గొడవ చూడండి: ముసలితల్లి ఉన్న కొద్దిపాటి పొలం కొడుకు పేర రాసిచ్చేసింది, ఇప్పుడు కొడుకు తిండి పెట్టడు. ఆమె మొదటి అరగంట పొలం మాటే ఎత్తదు, కోడలు చారులో నీళ్లు పోసిన సంగతే చెబుతుంది. అదంతా ఓపిగ్గా విన్నాక గిఫ్ట్ డీడ్ (పొలం రాసిచ్చిన దానపత్రం) చేతిలోకి తీసుకుని రెండు చూడాలి. వృద్ధుల పోషణకి 2007లో వచ్చిన చట్టం అమల్లోకి వచ్చాక రాసిందేనా? నన్ను చూసుకోవాలి అనే షరతు అందులో ఉందా? ఆ షరతు లేకపోతే ఆ చట్టం 23వ సెక్షన్ కింద దస్తావేజు రద్దు కుదరదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది, 2025 జనవరిలో మాత్రం ఈ చట్టాన్ని పెద్దవాళ్లకి మేలు జరిగేలా ఉదారంగా చదవాలంది. ఈ రెండు తీర్పులకీ మధ్య ఆవిడ దస్తావేజు ఎక్కడ పడుతుందో తేల్చడమే అసలు పని, ఏ కోచింగ్ సెంటరూ ఇది నేర్పదు. పైగా ఈ అర్జీ వినేది ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్. అక్కడ లాయర్లు వద్దని చట్టంలోనే ఉంది (దీని మీద హైకోర్టుల్లో వేరే తీర్పులూ ఉన్నాయి లెండి), కాబట్టి అర్జీ ఎంత శుభ్రంగా రాస్తే ముసలామెకి అంత బలం. కోర్టుకే వెళ్లాల్సి వస్తే, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరుని ఇస్తారు. ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

అయితే అన్ని క్లినిక్‌లూ ఇలా ఉండవు. బ్యానర్ కట్టి, సర్పంచ్ పక్కన ఫొటో దిగి, టిఫిన్ తిని వచ్చేసేవీ ఉన్నాయి. అలాంటిదైతే మానేయమనండి, మొహమాటం వద్దు. సీనియర్ అధ్యాపకుడి పర్యవేక్షణలో, ఆఖరి ఏడాది పిల్లలతో క్లినిక్ నడపాలని బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లోనే ఉంది. ఆ మేష్టారెవరు, శనివారం నిజంగా వస్తారా, పిల్లలు రాసినవి ఎర్ర ఇంకు పెట్టి దిద్దుతారా అని మీ అమ్మాయినే అడగండి. ఫుల్‌టైమ్ జీతం మీద పనిచేసే మేష్టారు మామూలుగా కోర్టులో ప్రాక్టీసు చేయలేరు, అందుకే న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరు (సంస్థ జాబితాలో ఉన్న లాయరు) ఒకరు క్లినిక్‌కి అందుబాటులో ఉన్నారా అన్నదీ చూడాలి. ఆయన లేకపోతే కేసు కోర్టుదాకా వచ్చిన చోట ఆగిపోతుంది, పిల్లలకీ మిగతా సగం తెలీదు.

మూడేళ్ల కోర్సుకి 12 వారాల ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఉంది. క్లినిక్ పని అందులో కలుస్తుందో లేదో కాలేజీలో ముందే అడిగి పెట్టుకోమనండి.

ఒకటి మాత్రం మీ చేతిలో ఉంది. శనివారం సాయంత్రం ఇంటికొస్తే "ఈరోజు ఎవరొచ్చారే, ఫలానా వాళ్ల గొడవేనా?" అని అడక్కండి. మన ఊళ్లలో అందరూ అందరికీ తెలిసినవాళ్లే, క్లినిక్‌లో విన్నది ఆమె మీక్కూడా చెప్పకూడదు.