ఏఏసీ బ్లాకులతో కడితే ఏసీ అక్కర్లేదా?

ఖమ్మంలో నూట యాభై గజాల్లో ఒక్క అంతస్తు ఇల్లు, పడమర ముఖం. ఎర్ర ఇటుక బదులు ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మెలు) వాడితే ఏసీ అవసరమే ఉండదని మేస్త్రీ అంటున్నాడు, నిజమేనా అని అడిగారు. బ్లాకులు మంచివేనండీ, వాడండి. కానీ ఒక్క అంతస్తు ఇంటికి వేడి ఎక్కువగా దిగేది శ్లాబు నుంచి. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ముందు అక్కడ పెట్టండి.

మాదీ ఈ జిల్లాయే. ఇదివరకు అద్దెకున్న ఇంట్లో మే నెలలో, రాత్రి భోజనాలయ్యాక కూడా మంచమెక్కి సీలింగ్‌కి చెయ్యి ఆనిస్తే చురుక్కుమనేది. పగలంతా కాగిన కాంక్రీటు రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతుంది, ఫ్యాన్ దాన్నే మన మీదికి తోస్తుంది. అందుకే సొంతిల్లు కట్టినప్పుడు శ్లాబు పైన రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీట్లు (థర్మాకోల్ లాంటివే, కానీ బాగా గట్టివి, వేడిని ఆపుతాయి) వేయించాం. కింద ఫాల్స్ సీలింగ్‌లో పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. దానివల్ల గదిలోకి వేడి కొంత తగ్గుతుంది గానీ శ్లాబు కాగుతూనే ఉంటుంది. పైన వేస్తే ఎండ శ్లాబు దాకా రాదు.

మా మేస్త్రీ అయితే "థర్మాకోల్ మీద నడిస్తే కుంగిపోదా సార్?" అని ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఒక ముక్క నేల మీద వేసి, సిమెంటు బస్తా భుజాన పెట్టుకుని దాని మీద నిలబడి చూసుకున్నాకే పని మొదలుపెట్టాడు. ముందు వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు కట్టి లీకు లేదని చూసుకోవాలి. తర్వాత షీట్లు అతుకు మీద అతుకు రాకుండా పరిచి, టేపు వేసి, పైన పాలిథీన్ కవరు, చికెన్ మెష్, వాటం చూసుకుని కాంక్రీటు, చివర తెల్ల టైల్స్ ముక్కలు. తెలుపు ఎండని తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ ఉద్దేశం కూడా ఇదే. ఇళ్ల విషయంలో అందులో తప్పనిసరి అన్నది 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టేవాటికే, మీకు వర్తించదు, అయినా చేయించండి. దుమ్ము పట్టి నల్లబడితే సరిగా పని చేయదు కాబట్టి అప్పుడప్పుడు కడగాలి. మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి వెళ్తే కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి, అదొక్కటే మా ఆవిడ కంప్లయింట్.

ఇక పడమర ముఖం. సాయంత్రం ఎండ ఏటవాలుగా వస్తుంది, మామూలు సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. వరండా వేయండి, లేదా వెదురు తడికలు కట్టండి. అటువైపు పెద్ద అద్దాల కిటికీలు మాత్రం వద్దు, ఎలివేషన్ డిజైనర్ ఎంత చెప్పినా సరే.

బ్లాకుల్లో సగం పైగా గాలి బుడగలే, అందుకే వేడి త్వరగా దాటదు. ముడిసరుకులో థర్మల్ స్టేషన్ల బూడిద కూడా ఉంటుంది, ఇటుక బట్టీలకిలా పొలాల మట్టి తవ్వక్కర్లేదు. పిల్లర్‌కీ బ్లాకుకీ మధ్య మెష్ కొట్టకపోతే ప్లాస్టరింగ్ పగుళ్లిస్తుంది. బరువైన గీజర్, టీవీ ఎక్కడ తగిలిస్తారో ముందే చెప్పండి, స్క్రూల కోసం గోడలో కొట్టే మామూలు ప్లగ్గులు అందులో నిలవవు.

ఏసీ సంగతంటారా, మేం పూర్తిగా మానలేదు. రోహిణి కార్తెలో రాత్రిపూట 27 మీద పెట్టి, గది చల్లబడ్డాక ఆపేసి ఫ్యాన్‌తో పడుకుంటాం. పాత ఇంట్లో అయితే ఆపిన పది నిమిషాలకే లేచి మళ్లీ వేసేవాళ్లం.