‘బంగారు గని కార్మికుల పితూరీ’ అనొచ్చా?

సందేహం: 1854లో ఆస్ట్రేలియాలోని బల్లారట్ దగ్గర జరిగిన యురేకా స్టాకేడ్ గురించి రాస్తూ ‘ప్రభుత్వానికి వ్యతిరేకంగా బంగారు గని కార్మికుల పితూరీ’ అన్నాను. పితూరీ అంటే చాడీలు కదా అని మా అబ్బాయి నవ్వుతున్నాడు. ఏం రాయాలండీ?

సమాధానం: పితూరీ తప్పేం కాదండీ, దానికి తిరుగుబాటు అనే అర్థం కూడా ఉంది. ఇప్పుడంటే ‘మేనేజర్‌కి పితూరీలు మోస్తాడు’ లాంటి చోట్లే వినపడుతోంది గానీ, 1879 నాటి రంప పితూరీ చరిత్ర పుస్తకాల్లో ఇంకా అదే పేరుతో ఉంది. కాకపోతే సర్కారు రికార్డుల్లో నలిగిన మాట, మన్యం వాసన గట్టిగా కొడుతుంది, బల్లారట్‌కి అతకదు. తిరుగుబాటు అనండి చాలు.

నాకు అసలు పేచీ ‘గని కార్మికులు’ దగ్గర. ఆ మాట వినగానే మనకి సింగరేణి గుర్తొస్తుంది, జీతం, షిఫ్టు, యాజమాన్యం. అక్కడ వాళ్లకి యజమానే లేడు, ఎవరి చెక్క వాళ్లు తవ్వుకునేవాళ్లు, బంగారం దొరికినా దొరక్కపోయినా సర్కారుకి లైసెన్సు ఫీజు మాత్రం కట్టాల్సిందే, పైగా పోలీసులు మీదపడి కాగితం చూపించు అని వేటాడటం. అందుకే వాళ్ల గొడవ నేరుగా గవర్నర్ హోథమ్ సర్కారుతోనే. కార్మికులు అనేస్తే చదివేవాళ్లు ఇదేదో కూలి రేట్ల సమ్మె అనుకుంటారు. ‘బంగారం తవ్వుకునేవాళ్లు’ అని రాయండి, పొడుగైనా పర్లేదు. ఆ ‘కు’ తీసెయ్యకండి, తవ్వేవాళ్లు ఎవరి కోసమైనా తవ్వొచ్చు, తవ్వుకునేవాళ్లు తమ కోసమే తవ్వుతారు.

‘వ్యతిరేకంగా’ కూడా దండగ, ఎదురు తిరగడం తిరుగుబాటులోనే ఉందిగా, ‘సర్కారు మీద’ అంటే సరిపోతుంది. విప్లవం అని కొందరు రాస్తున్నారు, అది మరీ ఎక్కువ. డిసెంబర్ 3 తెల్లారకముందే సైన్యం, పోలీసులు వచ్చి పడ్డారు, అరగంట కూడా పట్టలేదు, తవ్వుకునేవాళ్లలో 20 మందికి పైగా పోయారు. ప్రభుత్వం ఏం కూలలేదు. అయితే రాజద్రోహం కింద విచారించిన 13 మందినీ కోర్టు వదిలేసింది, 1855లో ఆ లైసెన్సు పోయి ఏడాదికి ఒక్క పౌండు ఫీజు వచ్చింది, చెయ్యి పోగొట్టుకున్న నాయకుడు పీటర్ లేలర్ చట్టసభకి వెళ్లి తర్వాత స్పీకర్ కూడా అయ్యాడు.

అన్నట్టు స్టాకేడ్‌ని ‘కోట’ అని మాత్రం రాయకండి, దుంగలూ బళ్లూ అడ్డం పెట్టి హడావుడిగా కట్టిన దడి అది.